కోసేవి, వదిలేసేవి: ఇంగ్లండ్ ఇంటి తోటల్లో అక్టోబరు

శనివారం, కోల్వాల్

లండన్ నుంచి హెరిఫర్డ్ వెళ్ళే రైలు గ్రేట్ మాల్వర్న్ దాటగానే కొండ కింది సొరంగంలోకి దూరి, అవతలివైపు కోల్వాల్ అనే చిన్న స్టేషన్లో ఆగుతుంది. దిగినవాళ్ళం నలుగురైదుగురం. దాదాపు అందరం ఒకే దారిన నడిచాం, పిక్టన్ గార్డెన్ వైపు.

అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్ వచ్చి తోటలు చూస్తానంటే అనంతపురంలో మా మిద్దెతోట మిత్రులు ఆశ్చర్యపోయారు. గులాబీలు చూడాలంటే జూన్‌లో పోవాలి, ఇప్పుడేముంటుంది అన్నారు. నాకు కావలసింది సరిగ్గా ఈ సమయమే. వసంతంలో ఏ తోటైనా బాగుంటుంది. పూత వెనకబడ్డాక ఏం మిగిలింది, మిగిలినదాన్ని ఏం చేస్తారు అన్నదాంట్లో తోటమాలి ఆలోచన బయటపడుతుంది. పైగా రద్దీ తగ్గుతుంది కాబట్టి నిలబడి మాట్లాడతారు. అందుకే వెళ్ళిన ప్రతి చోటా ఒకే ప్రశ్న అడగాలని ముందే అనుకున్నాను: చలికాలం వచ్చే ముందు ఏం కోసేస్తారు, ఏం వదిలేస్తారు?

పిక్టన్ గార్డెన్ ఎకరంన్నర స్థలం. పక్కనే ఓల్డ్ కోర్ట్ నర్సరీ. దాన్ని 1906లో ఎర్నెస్ట్ బల్లార్డ్ మొదలుపెట్టాడు. ఆయన ఆస్టర్ పూలలో కొత్త రకాలు పుట్టించడానికే జీవితం పెట్టాడు. ఆయన తర్వాత పిక్టన్ కుటుంబం చేతికి వచ్చింది, ఇప్పటికీ వాళ్ళే నడుపుతున్నారు. శరత్తులో పూచే ఆస్టర్ల జాతీయ సేకరణ ఇక్కడే ఉంది. నాలుగు వందలకు పైగా రకాలు. ఇంగ్లీషువాళ్ళు వీటిని మైకల్మస్ డెయిసీలు అంటారు. సెప్టెంబరు 29న వచ్చే మైకల్మస్ పండుగ వేళకు పూస్తాయి కాబట్టి. పూర్వం కౌలు కట్టే గడువుల్లో అదొకటి.

మన చిన్న చామంతుల్లాంటి పూలే, కానీ ఊదా, లేత నీలం, గులాబీ, తెలుపు, ముదురు వంగపండు రంగుల్లో. భుజం ఎత్తు మొక్కల మధ్య సన్న దారుల్లో నడవాలి. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు పక్కకు తప్పుకోవాలి. ఎండ వచ్చిన ప్రతిసారీ తేనెటీగలు లేచేవి, మబ్బు పట్టగానే అణిగిపోయేవి. ఏడాది చివర్లో వాటికి దొరికే పెద్ద మేత ఇది.

ఇక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 'మోంక్' అనే ఆస్టర్. స్విట్జర్లాండులో ఫ్రికార్ట్ అనే నర్సరీ ఆయన పుట్టించిన సంకరం. ఆల్ప్స్ పర్వతాల్లోని ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల పేర్లు తన మొక్కలకు పెట్టాడు. తల్లిదండ్రుల్లో ఒకటి యూరపుది. రెండోది ఆస్టర్ థామ్సోని, పశ్చిమ హిమాలయాల మొక్క. జులైలో మొదలుపెట్టి అక్టోబరు దాకా ఆపకుండా పూస్తుంది. ఎక్కువ ఆస్టర్లు అమెరికా నుంచి వచ్చినవి. వాటి మధ్య మన కొండల రక్తం ఉన్న మొక్క కనిపించేసరికి బంధువును చూసినట్టయింది.

నా ప్రశ్నకు అక్కడ పనిచేస్తున్న ఒకావిడ తడుముకోకుండా జవాబిచ్చింది. పూత అయ్యాక, చలికాలంలో నేలమట్టానికి కోసేస్తారు. వసంతంలో కుదుళ్ళు తవ్వి, నడిమి ముసలి భాగం పారేసి, అంచున ఉన్న పిలకల్ని మళ్ళీ నాటుతారు. న్యూయార్క్ ఆస్టర్ అనే జాతికి ఈ సేవ తప్పదట. కుదురు ఇరుకైతే, వేరుకు తడి అందకపోతే ఆకుల మీద బూడిద తెగులు పట్టేస్తుంది. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్‌కు ఆ బెడద లేదు. చేయి తీరిక లేనివాళ్ళు ఆ రెండోది పెంచుకోండి అంది. మా మిద్దె మీద చామంతులకు కూడా ఇదే పని. పూత అయ్యాక కొట్టేసి పిలకలు విడదీస్తాం.

ఆదివారం, ఒక పల్లె

ఆ పల్లె పేరు చెప్పను. వెళ్ళింది మామూలు మనుషుల ఇళ్ళ పెరళ్ళలోకి.

రోడ్డు మలుపులో పసుపుపచ్చ బోర్డు, బాణం గుర్తు. నేషనల్ గార్డెన్ స్కీమ్ బోర్డు అది. ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో మూడు వేలకు పైగా సొంత తోటలు ఏడాదిలో కొన్ని రోజులు ఈ బోర్డు పెట్టి తలుపు తీస్తాయి. టికెట్టు ఎక్కువ చోట్ల అయిదారు పౌండ్లు. ఆ డబ్బు సొంతదారులకు పోదు, నర్సులకూ రోగుల సంరక్షణకూ పోతుంది.

ఈ కథ 1926లో మొదలైంది. అప్పటికి ఇక్కడ ఉచిత ప్రభుత్వ వైద్యం లేదు. పేదల ఇళ్ళకు వెళ్ళి చూసే జిల్లా నర్సులకు జీతాలిచ్చేది క్వీన్స్ నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్, చందాల మీద. ఎల్సీ వాగ్ అనే కార్యవర్గ సభ్యురాలు ఒక మాటన్నది: ఇంత మందికి ఇంత అందమైన తోటలున్నాయి, తలుపులు తీసి తలకొక షిల్లింగ్ అడిగితే? 1927లో 609 తోటలు తెరుచుకున్నాయి. 8,191 పౌండ్లు వచ్చాయి. మొదటి ఏడాది రాజుగారి సాండ్రింగ్‌హామ్ తోట కూడా అందులో ఉంది. 1948లో ప్రభుత్వ ఆరోగ్య సేవ వచ్చాక నర్సుల జీతాల భారం తీరింది, కానీ తోటలు మూసుకోలేదు. ఇప్పుడు మాక్మిలన్, మరీ క్యూరీ, హాస్పిస్ యూకే, పార్కిన్సన్స్ యూకే లాంటి రోగుల సేవా సంస్థలకు డబ్బు వెళుతోంది. తోటల వివరాలన్నీ ఉండే పసుపుపచ్చ అట్ట పుస్తకాన్ని అందరూ 'ఎల్లో బుక్' అనే పిలుస్తారు.

నేను ఎక్కువసేపు గడిపింది ఒక పెద్దావిడ పెరట్లో. మన లెక్కలో నాలుగైదు సెంట్లుంటుంది, సన్నగా వెనక్కి సాగిపోయింది. చివర ఆపిల్ చెట్టు, కింద రాలిన కాయలు అలాగే ఉన్నాయి. కందిరీగలకీ నల్లపిట్టలకీ అంది. హైడ్రాంజియా పూగుత్తులు గోధుమ రంగుకు తిరిగి కాగితాల్లా గలగలమంటున్నాయి. వాటిని కోయదు. చలి తిరిగేదాకా ఆ ఎండు తలలే కింది మొగ్గల్ని మంచు నుంచి కాపాడతాయి. లోపల బోలుగా ఉండే కాడల్నీ కోయదు, వాటిలో పురుగులు చలికాలం గడుపుతాయి. కుళ్ళిన హోస్టా ఆకుల్ని మాత్రం వెంటనే తీసేస్తుంది, నత్తలు చేరతాయని.

ఆమె తోటలో నాకు మిక్కిలి నచ్చింది పూలమొక్క కాదు. మూలన కోళ్ళ వలతో కట్టిన నాలుగు కొయ్యల పంజరం. రాలిన ఆకులన్నీ ఊడ్చి తడిపి దానిలో తొక్కుతుంది. రెండేళ్ళకు అది నల్లటి, పొడిపొడి మన్నవుతుంది. పిడికెడు తీసి నా చేతిలో పెట్టింది. అడవి వాసన. మామూలు కంపోస్టు వేడెక్కి బ్యాక్టీరియాతో కుళ్ళుతుంది. ఆకుల మన్ను మాత్రం చల్లగా, బూజుల వల్ల నిదానంగా తయారవుతుంది. ఎరువుగా దాని బలం తక్కువే, తడి పట్టి ఉంచడంలో, నారు పోసుకోవడంలో దానికి సాటి లేదు. మన ఊళ్ళల్లో వేప, కానుగ, బాదం ఆకులు ఊడ్చి రోడ్డు పక్కన తగలబెట్టే పొగ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మిద్దెతోటలవాళ్ళం కొబ్బరిపొట్టు ఇటుకలు కొనుక్కొచ్చుకుంటాం. మన వీధిలో రాలేదంతా బుగ్గి చేస్తాం.

పదిహేనేళ్ళుగా తెరుస్తున్నారట. ఎందుకని అడిగాను. భర్త చివరి వారాల్లో ఇంట్లోనే ఉండాలని కోరుకున్నాడు. రాత్రిపూట మరీ క్యూరీ నర్సు వచ్చి కూర్చునేది. "నేను ఆ రాత్రులు నిద్రపోగలిగాను" అంది. ఆ తర్వాత ఇద్దరం ఆపిల్ చెట్టు కేసి చూస్తూ ఉండిపోయాం.

చర్చి హాల్లో టీ, కేకులు. ఊరివాళ్ళు ఇళ్ళల్లో చేసి తెచ్చినవే. నిమ్మరసం పోసిన కేకు అన్నిటికంటే ముందు అయిపోయింది. కేకులమ్మిన డబ్బు కూడా అదే డబ్బాలో పడుతుంది.

సోమవారం

ప్రయాణం. వాన. చాలా తోటలకు సోమవారం సెలవు. సాయంత్రానికి కెంట్‌లోని ఆష్‌ఫర్డ్‌లో పెద్దమ్మ కూతురి ఇంటికి చేరాను. అక్క ఇక్కడ కమ్యూనిటీ నర్సు. ఇళ్ళకు వెళ్ళి పుండ్లకు కట్లు మారుస్తుంది, ఇన్సులిన్ ఇస్తుంది, మంచం పట్టినవాళ్ళను చూస్తుంది. రసం, బెండకాయ వేపుడు పెట్టింది. నేను ఎల్సీ వాగ్ సంగతి చెబుతుంటే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అంటే మా ఉద్యోగానికి జీతాలు తోటల టికెట్లతో ఇచ్చేవాళ్ళా?"

"కొంతన్నా అంతే కదక్కా."

"ఇన్నేళ్ళుగా పసుపు బోర్డులు చూస్తానే ఉన్నా, ఒక్కసారీ ఆగలేదే." రెండు రోజులు సెలవు పెట్టేసింది.

మంగళవారం, గ్రేట్ డిక్స్టర్

ఈస్ట్ ససెక్స్‌లో నార్దియం అనే ఊరి చివర ఈ ఇల్లు. పదిహేనో శతాబ్దపు కొయ్య హాలు. 1910లో నథానియల్ లాయిడ్ కొని, ఎడ్విన్ లుట్యెన్స్ చేత బాగు చేయించాడు. కెంట్‌లో పడగొట్టబోతున్న మరో పాత ఇంటిని విప్పి తెచ్చి దీనికి అతికించారు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన లుట్యెన్సే. మన నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ కట్టిందీ ఆయనే. ఆ మహా గుమ్మటాలకూ ఈ వాలు పెంకుల ఇంటికీ పోలికే లేదు. ఈ ఇల్లు నాకు ఎక్కువ నచ్చింది. ఎక్కడా ఎవరినీ భయపెట్టదు.

తోటను ప్రపంచానికి చూపించింది నథానియల్ కొడుకు క్రిస్టఫర్ లాయిడ్. 2006లో పోయాడు. ఇప్పుడు ఒక ధర్మకర్తల ట్రస్టు చూస్తోంది, ఫెర్గస్ గారెట్ పెద్ద తోటమాలి. లుట్యెన్స్ వేసిన గులాబీ తోట ఒకటుండేది. అదే మట్టిలో దశాబ్దాలుగా గులాబీలు పెంచితే కొత్తవి ఎదగవు. లాయిడ్ 1993లో, డెబ్బై దాటిన వయసులో, వాటిని పీకించి అరటి, మెట్టతామర, డేలియా నాటించాడు. చాలామంది నొచ్చుకున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఆ తోటలోకి అడుగుపెడితే అరటాకులు భుజాలకు తగులుతాయి. మెట్టతామర ఎర్రగా, నారింజగా నెత్తి మీద. అల్లం జాతి హెడీకియం పూల తీపి వాసన. దారి కనపడదు, ఆకులు తోసుకుంటూ వెళ్ళాలి. అక్క ఒక డేలియాను రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇవుంటే సరోజ వాళ్ళ బతుకమ్మ ఎంత ఎత్తు లేచేదో" అంది. సరోజ అక్కతో పనిచేసే కరీంనగర్ అమ్మాయి. ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు దొరకదు. సూపర్‌మార్కెట్‌లో చామంతి గుత్తులు కొని, పెరళ్ళల్లో పూసిన డేలియాలు అడిగి తెచ్చుకుని పేరుస్తారట. ఏటా కమ్యూనిటీ హాల్లో ఆడతారు.

నా ప్రశ్నకు ఇక్కడ పెద్ద జవాబే దొరికింది. ఈ వేడి దేశాల మొక్కలకు ఇంగ్లీషు చలి పడదు. మొదటి మంచుకు డేలియా ఆకులు నల్లబడతాయి. అప్పుడు కాడ కోసి, గడ్డలు తవ్వి లోపల దాస్తారు. జపాన్ అరటిని నేలలోనే ఉంచి, కాండానికి ఎండు ఫెర్న్ ఆకులు మందంగా చుట్టి కడతారు. ఏటా ఇదే పని. ఆర్నెల్ల పచ్చదనం కోసం ఆర్నెల్ల కాపలా! మా ఊళ్ళో అరటి పిలక నీళ్ళుంటే చాలు, అడ్డం లేకుండా పెరుగుతుంది.

పొడవాటి బోర్డర్ (పూలమడి) దగ్గర మాత్రం కోత తొందర కనపడలేదు. ఎండిన కాడలూ, గింజల గుత్తులూ పూల మధ్యే ఉన్నాయి. ఇక్కడ ప్రాణుల లెక్క తీసినప్పుడు పచ్చిక బీళ్ళూ చెరువులూ అడవీ అన్నిటితో పాటు చూస్తే, అలంకార తోటలోనే ఎక్కువ వైవిధ్యం కనిపించిందట. నాకు ఇది గొప్ప వార్త. పూలతోట అంటే సోకు అని, నిజమైన ప్రకృతి మరెక్కడో ఉంటుందని మనవాళ్ళల్లోనూ ఒక చిన్నచూపు ఉంది. ఏడాది పొడవునా ఏదో ఒకటి పూస్తూ, మట్టికి విషం తగలకుండా, అక్కడక్కడా కోయకుండా వదిలిన చోట పురుగూ పిట్టా ఎందుకు చేరవు?

యూ అనే సతతహరిత చెట్లను నెమళ్ళ ఆకారంలో కత్తిరించిన తోట ఉంది, వాటి చుట్టూ ఆస్టర్లు. దాన్ని చూసి వచ్చేసరికి మూసే వేళయింది.

బుధవారం, హెన్‌ఫీల్డ్ దగ్గర

ససెక్స్ ప్రెయిరీ గార్డెన్ ఒక రైతు కుటుంబపు పొలంలో ఉంది. ఎనిమిది ఎకరాలు. 2008లో స్నేహితులనూ బంధువులనూ పిలిచి చేతులతో నాటారు. పీట్ ఔడాల్ఫ్ అనే డచ్ తోట రూపకర్త పద్ధతి: రకానికొకటి కాకుండా ఒక్కో మొక్కనూ పెద్ద గుంపులుగా వేయడం, గడ్డి జాతులకు పెద్దపీట వేయడం, పూవు కంటే ఎండాక మిగిలే ఆకారాన్ని చూసి ఎంచుకోవడం.

మధ్యాహ్నపు ఎండ పక్కనుంచి పడుతోంది. మిస్కాంథస్ గడ్డి మనిషి కంటే ఎత్తు, కంకులు వెండి రంగు. మోలీనియా ముదురు తేనె రంగు. పెన్నిసీటమ్ కంకుల్ని చూడగానే అక్కా నేనూ ఒకేసారి "సజ్జ!" అన్నాం. నిజంగానే దగ్గరి చుట్టం. చిన్నప్పుడు తాత చేలో సజ్జ కంకుల మీద పిట్టల్ని తోలడం మా పని. ఇక్కడ పిట్టల కోసమే కంకులు వదిలారు. ఎచినేషియా నల్లటి తలల మీద వాలి గోల్డ్‌ఫించ్‌లు గింజలు పీకుతున్నాయి.

ఏదీ కోయరు. చలికాలమంతా అలాగే నిలుస్తుంది. ఆ తర్వాత, కొత్త చిగురు రాకముందు, మడులకు నిప్పు పెడతారు. అమెరికా గడ్డి మైదానాల్లో జరిగేదీ అదే కదా. పొలంలో మంటల ఫొటోలు చూసి అక్క, "మన చెరకు తోట లెక్కనే" అంది. ఆదివారం ఆ పల్లెలో మన ఊళ్ళ ఆకుల మంటను తలచుకుని తిట్టుకున్న నాకు ఇది ఆలోచించాల్సిన విషయమే అయింది. వీధిలో ఆకులు కాలిస్తే బూడిద ఏ కాలవలోనో పడుతుంది, పొగ పక్కింటి పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక్కడ బూడిద ఆ మడిలోనే ఉండిపోతుంది, కొత్త చిగురుకు దారి అవుతుంది. అయినా నాకు ఆ పెద్దావిడ పంజరమే ఇష్టం.

గురువారం, హై బీచెస్

అక్కకు డ్యూటీ. ఒక్కదాన్నే వెళ్ళాను. హ్యాండ్‌క్రాస్ దగ్గర 27 ఎకరాల అడవితోట. 1906 నుంచి దశాబ్దాల పాటు లోడర్ కుటుంబం ఇక్కడ చెట్లు నాటింది. ఆకుల రంగుల కోసం జనం వచ్చేది ఇక్కడికే. నేను కాస్త ముందే వెళ్ళాను, పూర్తిగా తిరగడానికి మరో రెండు వారాలు పట్టేలా ఉంది. అయినా నిస్సా చెట్టు నిప్పులా ఉంది. చలి రాత్రులు, ఎండ పగళ్ళు కలిస్తేనే ఆ ఎరుపు. ఆకులో పచ్చదనం విరిగిపోతుంటే కింద దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు ఆకు తయారుచేసుకునేది, లోపల చిక్కిన చక్కెరతో. మబ్బు పట్టిన ఏడాది పసుపు ఉంటుంది, ఎరుపు వెలవెలబోతుంది.

1987 అక్టోబరు 15 రాత్రి వచ్చిన తుఫాను దక్షిణ ఇంగ్లండ్‌లో కోటిన్నర చెట్లను కూల్చింది. ససెక్స్ తోటలన్నీ దాని గాయం మోస్తున్నవే. హుద్‌హుద్ తర్వాత విశాఖను చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

శుక్రవారం, ఎల్మ్‌స్టెడ్ మార్కెట్

ఈ యాత్రంతా నేను దీని కోసమే వచ్చానంటే నమ్మండి. అక్క కారు తీసింది, డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ దాటి ఎసెక్స్ చేరాం.

ఇంగ్లండ్ అంటే ఎప్పుడూ వానే అనుకుంటాం. ఎసెక్స్‌లోని ఈ మూలలో ఏడాదికి పడేది దాదాపు 500 మిల్లీమీటర్లు. మా అనంతపురం సగటు 550. దేశంలోనే కరువు జిల్లా అని మమ్మల్ని జాలిగా చూస్తారు, ఇక్కడ మాకంటే తక్కువ! ఎండ తీవ్రత వేరు, ఆవిరైపోయే నీరు వేరు, అది నిజమే. అయినా ఆ అంకె నాలో ఏళ్ళుగా నాటుకుంది.

బెత్ చాటో 1960లో భర్త పండ్లతోటలో పనికిరాదని వదిలేసిన చోట తోట మొదలుపెట్టింది. ఒకవైపు ఎండిన కంకర, ఇంకోవైపు చిత్తడి పల్లం. రెండింటినీ మార్చాలని చూడలేదు, ఆ చోటుకు తగిన మొక్కనే వెతికింది. అడవుల్లో ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో భర్త ఆండ్రూ జీవితమంతా చదివి రాసుకున్నాడు, ఆ చదువే ఈ తోటకు పునాది. 1991లో కార్లు నిలిపే చోటును కంకర తోటగా మార్చడం మొదలుపెట్టింది. గట్టిపడిన నేలను లోతుగా చీల్చి, కంపోస్టు కలిపి, నాటి, పైన కంకర పరిచింది. నాటినప్పటి తర్వాత నీళ్ళు పెట్టలేదు. 2018లో ఆమె పోయింది. ఇప్పటికీ పెట్టరు.

ఆ కంకర మీద నడుస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. వెరబాస్కమ్ ఎండు కాడలు స్తంభాల్లా నిలబడ్డాయి. స్టిపా గడ్డి కంకులు బంగారం. సీడమ్ పూలు ఇటుక రంగుకు తిరిగాయి. లావెండర్, సిస్టస్ బూడిద రంగు గుట్టలు. ఎండ కొట్టిన చోట నెరీన్ పూలు గులాబీ రంగులో, చెట్ల నీడన సైక్లమెన్. వేసవి కరువులో కొన్ని మొక్కలు చచ్చిపోతాయి. పోతే పోనిస్తారు, అక్కడ మరొకటి ప్రయత్నిస్తారు. నా పాత ప్రశ్నకు ఇక్కడి పనివాడి జవాబు: ఆకారం బాగున్నంత కాలం ఉంచుతాం, వాలిపోగానే కోస్తాం, ఎప్పుడన్నది తేదీ చూసి చెప్పలేం, రోజూ నడిచి చూడాలి.

మొక్కలు విమానంలో తెచ్చుకోలేను కాబట్టి పేర్లే రాసుకున్నాను. ఆ మొక్కలు మా ఎండకు ఎలాగూ నిలవవు. మా కొండల మీద నీళ్ళు అడగకుండా బతికేవి ఏవో రాసుకోవాలి: తంగేడు, నల్లేరు, బోదగడ్డి, కలబంద. పెనుకొండ దారిలో కంకర మీద అవి ఎంత అందంగా ఉంటాయో ఇంత దూరం వచ్చాక కళ్ళకు కట్టింది.

తిరుగు దారిలో అక్క చాలాసేపు మాట్లాడలేదు. థేమ్స్ దగ్గర బండ్లు ఆగాయి. అప్పుడు అంది:

"ఏమే, ఆ స్కీమ్‌లో చేరాలంటే తోట ఎంతుండాలి?"

"కొలత లేదక్కా. చూసేవాళ్ళకు ముప్పావు గంట సరిపడా ఏదైనా ఉండాలంటారు. చిన్న పెరళ్ళయితే నాలుగైదిళ్ళు కలిసి తెరవొచ్చు."

"మా పక్కింటి ముసలాయన డేలియాలు వేస్తాడు. ఎదురింటి పోలండ్ వాళ్ళకు ద్రాక్ష పందిరి ఉంది. నా దగ్గర గోంగూరా, మెంతీ, ఆ కుండీ మల్లే. సరోజనూ లాగుదాం." సిగ్నల్ పచ్చబడింది. "టీ మాత్రం నేను చేస్తా. అల్లం టీ. కేకులు వాళ్ళు చేసుకోనీ."

ఇంటికి చేరగానే ఫోన్ తీసి జిల్లా బాధ్యులకు మెయిల్ రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో నన్నడిగింది. కమ్యూనిటీ నర్సునని రాయక్కా అన్నాను.